పచ్చగానే పండుతుంది

సెమె సరిహద్దు దగ్గర నా లారీ
తొమ్మిది రోజులుగా ఒకే చోట ఉంది.
దాని నీడే అటూ ఇటూ తిరిగొస్తోంది.

అల్లాడా అనాస ఇది.
పసుపుకి తిరగదు.
పచ్చగానే పండుతుంది, పచ్చగానే మురుగుతుంది.
కొత్తగా వచ్చిన అధికారికి ఆ సంగతి తెలీదు.
"ఇంకా కాయలేగా, తొందరేముంది?" అంటాడు.
సుంకరితో సుఖదుఃఖాలు చెప్పుకోకూడదు.
అయినా చెప్పాను.
విన్నాడు పాపం.
వాళ్ళమ్మకి కూడా అనాస ఇష్టమట.

సరుకు హుయెఫాది.
లోడెత్తేటప్పుడు పక్కనే నిలబడి
ఒక్కో పండునీ తలకిందులుగా పెట్టించింది,
కిరీటం కిందికి వచ్చేలా.
రాజులైనా సరే
ప్రయాణంలో తలవంచుకోవాలట.
మొదటి రోజు ఫోన్ చేసి "ఎక్కడున్నావు?" అంది.
మూడో రోజు "ఇంకా అక్కడేనా?"
ఆరో రోజు "వాసన ఎలా ఉంది?"
తర్వాత చేయలేదు.

వాసన ఎలా ఉందంటే,
మొదట్లో పెళ్ళింటి వాసన.
నాలుగో రోజుకి
అదే పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన తాగుబోతు మామ.
ఇవాళ తేనెటీగలు కూడా లేచిపోయాయి.
ఈగలు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి,
వాటిని కాగితాలు అడిగేవాడు లేడు.

గేటంటే ఏముంది,
ఎరుపూ తెలుపూ పూసిన ఇనప గొట్టం.
ఒక చివర సిమెంటు ముద్ద, రెండో చివర తాడు.
తాడు పట్టుకున్న కుర్రాడు
మా గున్ భాషలోనే ఆవులిస్తాడు.
వాళ్ళ ముత్తాతా మా ముత్తాతా
ఒకే మడుగులో వల విసిరినవాళ్ళే అయ్యుంటారు.
ఎవరో స్కేలు పెట్టి గీత గీశారు.
గీతకి అటు ఇంగ్లీషు, ఇటు ఫ్రెంచి.
తిట్లు మాత్రం ఇంకా ఉమ్మడి ఆస్తి.

మన అన్నం మనమే పండించుకుందాం అంటోంది
అటువైపు రేడియో, గంటకోసారి.
తప్పని ఎలా అనను?
బడాగ్రీలో మా చెల్లెలు యెయినూ ఉంది.
థాయిలాండు బియ్యం ఆగిపోయాక
వాళ్ళ ఊళ్ళో తుప్పు పట్టిన మిల్లు మళ్ళీ తిరుగుతోందట.
మేనల్లుడికి బస్తాలు కుట్టే పని దొరికింది.
మొదటి జీతంతో నాకో చొక్కా కొన్నాడట.
"ఎప్పుడొస్తావు మామా?" అని అడిగాడు.
గేటు తీస్తే వస్తానురా అన్నాను.
గేటు తీస్తే వాడి సూది ఆగిపోతుంది.
ఇద్దరికీ తెలుసు.
చొక్కా కొలత గురించి మాట్లాడుకున్నాం.

చీకటి పడగానే బియ్యానికి కాళ్ళొస్తాయి.
పడవల్లో, మోటార్ సైకిళ్ళ మీద,
ఒకామె వీపున పసిబిడ్డలా గుడ్డలో చుట్టి కట్టుకుని.
బిడ్డ ఏడవదేమని ఎవరూ అడగరు.
కంచె చేను మేస్తుందంటారు.
ఈ కంచెకి పగలంతా ఉపవాసం.
అనాసకి మాత్రం ఆ విద్య రాదు,
అది రాకముందే దాని వాసన వెళ్ళి
"వస్తున్నాను" అని చెప్పేస్తుంది.

పదో రోజు తెల్లవారుజామున
లారీ కింద ఏదో చప్పుడు.
చుక్క, చుక్క.
టార్చి వేసి చూశాను.
తీపి తడి, దాని మీద చీమలు,
చీమలు ఏ దేశానివో.

హుయెఫాకి నేనే ఫోన్ చేశాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
వెనకాల కోడి కూసింది, ఎవరో గిన్నె తోముతున్నారు.
"కిరీటాలు బాగున్నాయా?" అంది చివరికి.
తలుపు దించి, చెయ్యి పెట్టి తడిమాను.
పండు వేళ్ళకి మెత్తగా జారిపోయింది.
కిరీటం మాత్రం గట్టిగా, ముళ్ళతో, పచ్చగా.
"బాగున్నాయి."
"అయితే కోసి పట్రా. నాటుకుంటాను."

కిరీటం నుంచి పండు రావడానికి
రెండేళ్ళు పడుతుంది.
అప్పటికి గేటు తీస్తారా అని
ఆమె అడగలేదు.
కత్తి కోసం సీటు కింద వెతుకుతుంటే
తాడు కుర్రాడు వచ్చి,
చేతులు చొక్కాకి తుడుచుకుని
ఇటు ఇవ్వు, నేనూ కోస్తానన్నాడు.